అమెరికాలో వేరే డిస్ట్రిక్ట్ స్కూల్లో పిల్లల్ని చేర్పించాలంటే: అడ్రసు రుజువులు, అఫిడవిట్, ట్రాన్స్‌ఫర్

అమెరికా పబ్లిక్ స్కూల్లో, అంటే ప్రభుత్వ బడిలో, సీటు రావడానికి మార్కులు అక్కర్లేదు, డొనేషన్ అక్కర్లేదు. కుటుంబం ఏ ఇంట్లో కాపురం ఉంటోంది, పిల్లలు రోజూ రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు అన్నదే చూస్తారు. ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే స్థానిక సంస్థను స్కూల్ డిస్ట్రిక్ట్, పొట్టిగా డిస్ట్రిక్ట్ అంటారు; ఇది మన జిల్లా కాదు. స్కూళ్లు నడిచేది చాలావరకు స్థానిక ఆస్తి పన్నుతోనూ, తలకింత అని రాష్ట్రం ఇచ్చే డబ్బుతోనూ కాబట్టి, బయటి నుంచి వచ్చే ప్రతి పిల్లవాడి ఖర్చునూ ఎవరు భరించాలన్న లెక్క డిస్ట్రిక్ట్‌కు ఉంటుంది. నిజంగా తమ పరిధిలో నివసించేవాళ్లనే చేర్చుకుంటామనే హక్కు డిస్ట్రిక్ట్‌లకు ఉందని సుప్రీంకోర్టు 1983లో మార్టినెజ్ వర్సెస్ బైనమ్ కేసులో చెప్పింది. దానికి ఏడాది ముందే, 1982లో, ప్లైలర్ వర్సెస్ డో కేసులో ఇమిగ్రేషన్ స్టేటస్‌ను బట్టి పిల్లల్ని స్కూలుకు రానివ్వకపోవడం కుదరదని తేల్చింది. రెండూ టెక్సస్ నుంచి వెళ్లిన కేసులే. అంటే స్కూలు మీ అడ్రసు రుజువు గట్టిగా అడగొచ్చు. మీ వీసా ఏమిటని బట్టి సీటు నిరాకరించకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగినా ఇవ్వడం మీ ఇష్టం, ఇవ్వనందుకు అడ్మిషన్ ఆపకూడదు.

నిబంధనలు రాష్ట్రానికో రకం, డిస్ట్రిక్ట్‌కో రకం. అందుకే ఇక్కడ చట్టం సంగతి వచ్చినచోటల్లా ఏ రాష్ట్రమో పేరుతో చెప్పాం. మీది వేరే రాష్ట్రమైతే వరుస ఇదే, గడువులూ ఫారాలూ మారతాయి.

1. అడ్రసు ఏ డిస్ట్రిక్ట్‌లో ఉందో ముందు తేల్చుకోండి

ఊరి పేరు చూసి డిస్ట్రిక్ట్ ఊహించుకోవడం దగ్గరే సగం తలనొప్పులు మొదలవుతాయి. టెక్సస్‌లో ఫ్రిస్కో సిటీలో ఇల్లు ఉన్నంత మాత్రాన పిల్లలు ఫ్రిస్కో ఐఎస్‌డీకి (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్‌కు) వెళ్తారని లేదు. ఆ ఊళ్లో కొంత భాగం ప్రాస్పర్ ఐఎస్‌డీది, కొంత లూయిస్‌విల్ ఐఎస్‌డీది, ఇంకొంత లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీది. డాలస్ సిటీ పరిధిలో ఉన్న సైప్రెస్ వాటర్స్ అపార్ట్‌మెంట్ల పిల్లలు కొపెల్ ఐఎస్‌డీకి వెళ్తారు. కాలిఫోర్నియాలో ఇంకా తమాషా: ఫ్రీమాంట్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్ ఫ్రీమాంట్ ఊళ్లో లేదు. అది కూపర్టినో, సన్నీవేల్ వైపు హైస్కూళ్లది. ఫ్రీమాంట్ ఊరిది ఫ్రీమాంట్ యూనిఫైడ్ అనే వేరే డిస్ట్రిక్ట్. పైగా అక్కడ కొన్నిచోట్ల ఎనిమిదో గ్రేడ్ దాకా ఒక డిస్ట్రిక్ట్, తొమ్మిది నుంచి మరో డిస్ట్రిక్ట్ ఉంటాయి. ఇద్దరు పిల్లలుంటే రెండు ఆఫీసుల్లో రెండుసార్లు రుజువులు పెట్టాలి.

వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్, లౌడన్, జార్జియాలో ఫోర్సైత్, నార్త్ కరోలినాలో వేక్ లాంటి చోట్ల కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తం ఒకటే డిస్ట్రిక్ట్. అక్కడ డిస్ట్రిక్ట్ దాటే గొడవ తక్కువ, ఏ స్కూలు జోన్ అన్నదే అసలు ప్రశ్న.

లీజు మీద సంతకం పెట్టకముందే చేయాల్సినవి:

- డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోని స్కూల్ లొకేటర్‌లో ఇంటి నంబరుతో సహా అడ్రసు కొట్టి చూడండి. వీధికి అటువైపు ఒక స్కూలు, ఇటువైపు ఇంకో స్కూలు ఉండొచ్చు. వచ్చిన ఫలితాన్ని తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.
- టెక్సస్ అయితే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తి విలువ కట్టే ఆఫీసు) సైట్‌లో ఆ ఆస్తి రికార్డు తెరవండి. ఏ ఐఎస్‌డీకి పన్ను కడుతోందో అక్కడే కనిపిస్తుంది. ఇళ్ల అమ్మకాల సైట్లు, లీజింగ్ ఆఫీసు వాళ్లు చెప్పే స్కూలు పేరును రుజువుగా తీసుకోకండి. తప్పయితే వాళ్లకు పోయేదేమీ లేదు.
- ఆ స్కూల్లో అడ్మిషన్ల కాగితాలు చూసే రిజిస్ట్రార్‌కు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: ఈ గ్రేడ్‌లో సీట్లు నిండాయా? వచ్చే ఏడాది ఈ అడ్రసు జోన్ మారుతోందా? కొత్త ఇళ్లు వేగంగా లేస్తున్న ప్రాంతాల్లో స్కూలు నిండిపోతే మీ పిల్లవాణ్ణి అదే డిస్ట్రిక్ట్‌లో మరో స్కూలుకు పంపుతారు. మీరు చూసుకున్న రేటింగ్ ఒక స్కూలుది, సీటు ఇంకో స్కూల్లో.

2. మీది ఏ కోవ?

ఒకే డిస్ట్రిక్ట్‌లో మరో స్కూలు కావాలంటే దాన్ని ఇంట్రా డిస్ట్రిక్ట్ ట్రాన్స్‌ఫర్ అంటారు. ఫారం చిన్నది, గడువు మాత్రం ముందే ముగుస్తుంది. డిస్ట్రిక్టే వేరైతే ఇంటర్ డిస్ట్రిక్ట్ ట్రాన్స్‌ఫర్. ఆ డిస్ట్రిక్ట్‌లోనే బంధువుల ఇంట్లో కుటుంబమంతా ఉంటోందనుకోండి, అప్పుడు ట్రాన్స్‌ఫర్ అక్కర్లేదు, అఫిడవిట్ కావాలి. తల్లిదండ్రులు వేరే చోట ఉండి పిల్లవాడు ఒక్కడే పిన్ని ఇంట్లో ఉంటే అది పూర్తిగా వేరే దారి, అన్నిటికన్నా కష్టమైనది.

ఇంకో కోవ ఉంది, మనవాళ్లలో చాలామంది దాన్ని హక్కు అనుకుంటారు. మంచి డిస్ట్రిక్ట్‌లో ఇల్లు కొని అద్దెకిచ్చి, తాము ఆఫీసు దగ్గర ఇంకో డిస్ట్రిక్ట్‌లో ఉంటారు. "స్కూలు ట్యాక్స్ మేమే కడుతున్నాం కదా" అనేది వాదన. దాదాపు ఎక్కడా అది చెల్లదు. పన్ను ఆస్తికి సంబంధించింది, సీటు కాపురానికి సంబంధించింది. కొన్ని డిస్ట్రిక్ట్‌లు ఆస్తి ఉన్నవాళ్లకు ట్రాన్స్‌ఫర్‌లో కాస్త వెసులుబాటు ఇస్తాయి కానీ అది కూడా ట్రాన్స్‌ఫర్ ఫారం పెట్టి తెచ్చుకోవాల్సిందే. అద్దెకిచ్చిన ఇంటి అడ్రసును నివాసంగా రాస్తే తప్పుడు సమాచారం కిందికే వస్తుంది.

3. సొంత ఇంట్లోనో, మీ పేరున తీసుకున్న అద్దె ఇంట్లోనో ఉంటే: కాగితాలు

సాధారణంగా అడిగేవి మూడు. లీజు లేదా ఇల్లు కొన్న కాగితం. ఈ మధ్యే వచ్చిన యుటిలిటీ బిల్లు, అంటే కరెంటు, గ్యాస్, నీళ్లలో ఏదో ఒకటి. చాలా డిస్ట్రిక్ట్‌లు గత 30 లేదా 60 రోజుల్లోదే కావాలంటాయి. తల్లి లేదా తండ్రి ఫొటో గుర్తింపు కార్డు. సెల్‌ఫోన్ బిల్లును చాలాచోట్ల తీసుకోరు. పోస్టాఫీసు బాక్సు నంబరు అడ్రసు కింద లెక్కే కాదు.

కాలిఫోర్నియా చట్టం ఈ విషయంలో తల్లిదండ్రుల పక్షాన ఉంటుంది. ఆస్తి పన్ను రసీదు, అద్దె ఒప్పందం లేదా అద్దె రసీదు, యుటిలిటీ బిల్లు, పే స్టబ్ (జీతం స్లిప్పు), ఓటరు నమోదు, ప్రభుత్వ శాఖ నుంచి వచ్చిన ఉత్తరం, తల్లిదండ్రులు సంతకం చేసిన నివాస ప్రకటన లాంటివన్నీ అక్కడ రుజువులే. అన్నీ ఉండాలని లేదు. న్యూజెర్సీలోనూ ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టకూడదు, మీరిచ్చిన వాటన్నిటినీ కలిపి చూడాలి. కౌంటర్‌లో "ఇది లేకపోతే కుదరదు" అంటే ఆ మాట ఈమెయిల్‌లో రాసి పంపమనండి. చాలాసార్లు అక్కడితో దారి దొరుకుతుంది.

లీజులో ఒక్క గీత దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. మొదటి పేజీలో రెసిడెంట్స్ (లీజు తీసుకున్నవాళ్లు) అని ఒక వరుస, ఆక్యుపెంట్స్ (వాళ్లతో పాటు ఆ ఇంట్లో ఉండేవాళ్లు) అని ఇంకో వరుస ఉంటాయి. భర్త ముందే వచ్చి ఒక్కడే లీజు తీసుకుని ఉంటాడు, ఆక్యుపెంట్స్ వరుస ఖాళీ. ఆర్నెల్లకు భార్యాపిల్లలు దిగుతారు, స్కూలుకు అదే లీజు పట్టుకెళ్తారు. పిల్లవాడు ఆ ఇంట్లో ఉన్నట్టు ఎక్కడా లేదని వెనక్కి పంపుతారు. లీజింగ్ ఆఫీసుకు వెళ్లి భార్యాపిల్లల పేర్లు చేర్పించి, ఇరువైపులా సంతకాలున్న సవరణ కాగితం తీసుకోండి. మేనేజరు సంతకం లేని ప్రింటవుట్ పనికిరాదు. లీజు గడువు నెల రోజుల్లో అయిపోతుంటే రెన్యువల్ కాగితం కూడా జతచేయండి. నెలనెలా సాగే లీజైతే తాజా అద్దె రసీదు పెట్టండి.

కరెంటు కనెక్షన్ నిన్ననే పెట్టించారా? బిల్లు రావడానికి నెల పడుతుంది. సర్వీసు మొదలైన తేదీ, అడ్రసు, మీ పేరు ఉన్న కన్ఫర్మేషన్ లెటర్‌ను కంపెనీ వెబ్‌సైట్ నుంచే దించుకోవచ్చు. కరెంటు అద్దెలోనే కలిసి ఉంటే ఆ మాట లీజింగ్ ఆఫీసుతో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. కంపెనీ ఇచ్చిన తాత్కాలిక బసలో ఉంటే హెచ్‌ఆర్ ఉత్తరం కావాలి, అందులో బస తేదీలూ అడ్రసూ కుటుంబ సభ్యుల పేర్లూ ఉండాలి.

కట్టుకుంటున్న ఇల్లయితే: బిల్డరుతో ఒప్పందం, క్లోజింగ్ తేదీ (ఇల్లు మీ పేరుకు మారే రోజు) చూపిస్తే కొన్ని డిస్ట్రిక్ట్‌లు గృహప్రవేశానికి కొన్ని వారాల ముందే చేర్చుకుంటాయి. ఎన్ని వారాలన్నది డిస్ట్రిక్ట్ విధానంలో ఉంటుంది. క్లోజింగ్ వాయిదా పడితే ఆ రోజే రిజిస్ట్రార్‌కు చెప్పండి. బిల్డరు ఆలస్యానికి ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. చెప్పకుండా ఊరుకుంటేనే అనుమానం.

పేర్ల గొడవ మనకు ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉండి, వీసాలో మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడటం, తండ్రి ఇంటిపేరు ఒకటి, కొడుక్కి తండ్రి పేరే చివరి పేరుగా పడటం, జనన ధ్రువీకరణ పత్రంలో తల్లి పేరు ఇనీషియల్‌తో ఉండటం. లీజులో ఉన్న మనిషే ఈ పిల్లవాడి తండ్రి అని కాగితం మీద కనిపించాలి. జనన పత్రం, పాస్‌పోర్టు చివరి పేజీ, వీసా కాగితాలు కలిపి ఒకే ఫైల్‌గా పెట్టి, తేడా ఎక్కడుందో ఒక్క వాక్యంలో వివరిస్తూ పైన కవరింగ్ లెటర్ పెడితే పని సాఫీగా జరుగుతుంది.

టీకాల కార్డు రెసిడెన్సీ సంగతి కాకపోయినా అడ్మిషన్ ఎక్కువగా ఆగేది అక్కడే. మన కార్డులో 05/08/2019 అంటే ఆగస్టు 5. ఇక్కడి నర్సు దాన్ని మే 8గా చదువుతుంది. డోసుల మధ్య ఎడం చాలలేదనో, మొదటి పుట్టినరోజుకు ముందే వేశారనో ఆ డోసును కొట్టేస్తుంది. నెల పేరు అక్షరాల్లో రాసిన జాబితాను పిల్లల డాక్టరు సంతకంతో ఇవ్వండి. భారత ప్రభుత్వ కార్యక్రమంలో వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాలో గవదబిళ్లల టీకా ఉండదు, చికెన్‌పాక్స్ టీకా ఆ కార్యక్రమంలోనే లేదు. ఈ రెండింటి కోసం ఇక్కడ డోసులు వేయించాల్సి రావడం మామూలే. టీబీ పరీక్ష అడిగితే చర్మ పరీక్ష కాకుండా రక్త పరీక్ష చేయమనండి. బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్న పిల్లలకు చర్మ పరీక్ష పాజిటివ్ చూపించే అవకాశం ఉంది.

4. అన్నయ్య ఇంట్లోనో, వదిన వాళ్ల ఇంట్లోనో కుటుంబమంతా ఉంటుంటే

ఇది చట్టబద్ధమైన నివాసమే. లీజు మీ పేరున లేదన్న కారణంతో నిరాకరించరు. కాకపోతే రెండు వైపుల కాగితాలు కావాలి. ఇంటివాళ్ల వైపు నుంచి: వాళ్ల లీజు లేదా ఇంటి కాగితం, వాళ్ల యుటిలిటీ బిల్లు, గుర్తింపు కార్డు, ఫలానా కుటుంబం ఫలానా తేదీ నుంచి మా ఇంట్లో ఉంటోందని నోటరీ ముందు సంతకం చేసిన రెసిడెన్సీ అఫిడవిట్. మీ వైపు నుంచి: ఆ అడ్రసుకే వచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్, పే స్టబ్, కారు ఇన్సూరెన్స్, డ్రైవింగ్ లైసెన్సులలో రెండు.

నోటరీ దగ్గరికి వెళ్లేముందే ఫారం నింపి ఉంచొచ్చు, సంతకం మాత్రం పెట్టకూడదు. ముందే సంతకం చేసి తీసుకెళ్తే చాలాసార్లు కొత్త ఫారం తెచ్చుకోమంటారు. కొన్ని డిస్ట్రిక్ట్‌లు తమ ఆఫీసులో తమ నోటరీ ముందే సంతకం కావాలంటాయి, ఇంటివాళ్లు స్వయంగా రావాలంటాయి. వాళ్ల సెలవు రోజు చూసుకుని అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఇంటివాళ్లు అద్దెకుంటే వాళ్ల లీజు ఒకసారి చదవండి. అతిథులు ఇన్ని రోజులకు మించి ఉండకూడదన్న షరతు చాలా లీజుల్లో ఉంటుంది. మీ అఫిడవిట్ మీ అన్నయ్యకు లీజు ఉల్లంఘన నోటీసుగా తిరిగి రాకూడదంటే, లీజింగ్ ఆఫీసులో మిమ్మల్ని ఆక్యుపెంట్లుగా చేర్పించడం ముందు జరగాలి. అఫిడవిట్‌ను ఏటా కొత్తగా ఇవ్వాలి, కొన్నిచోట్ల ఇంకా ముందే.

ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక ఇల్లు ఖాళీచేసి బంధువుల ఇంట్లో తలదాచుకుంటున్న కుటుంబానికి వేరే చట్టం ఉంది: 1987 నాటి మెకిన్నీ వెంటో చట్టం. ఇల్లు కోల్పోవడం వల్లో డబ్బు ఇబ్బంది వల్లో ఇతరులతో ఇల్లు పంచుకుంటున్నా, మోటెల్‌లో ఉంటున్నా పిల్లల్ని కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి, లేదా పాత స్కూల్లోనే కొనసాగనివ్వాలి. ప్రతి డిస్ట్రిక్ట్‌లోనూ దీనికి ఒక లియాజన్, అంటే ఈ కుటుంబాలకు సాయం చేసే ఉద్యోగి, ఉంటారు. హోమ్‌లెస్ అన్న మాట విని మనవాళ్లు మొహమాటపడి అడగరు. అడగండి. కొత్త ఇల్లు దొరికేదాకా సౌకర్యం కోసం బావగారింట్లో దిగినవాళ్లకు మాత్రం ఇది వర్తించదు.

5. ఇల్లు మారకుండా డిస్ట్రిక్ట్ మారాలంటే

రాష్ట్రాలు ఇక్కడ రెండు రకాలు. అరిజోనా, ఫ్లోరిడా, ఓక్లహోమా, కాన్సస్ లాంటి చోట్ల ఖాళీలుంటే బయటి డిస్ట్రిక్ట్ పిల్లల్ని తీసుకోవడం తప్పనిసరి. టెక్సస్‌లో తీసుకోవాలా వద్దా అన్నది చేర్చుకునే డిస్ట్రిక్ట్ ఇష్టం. అందుకే డిమాండ్ ఎక్కువున్న డిస్ట్రిక్ట్‌లలో బయటివాళ్ల ట్రాన్స్‌ఫర్లు చాలామటుకు ఉద్యోగుల పిల్లలకే పరిమితమవుతుంటాయి, పిల్లలు తగ్గిపోతున్న డిస్ట్రిక్ట్‌లు మాత్రం ప్రకటనలిచ్చి మరీ పిలుస్తాయి. కాలిఫోర్నియాలో సాధారణంగా రెండు సంతకాలు కావాలి: మీ డిస్ట్రిక్ట్ వదలాలి, అవతలిది చేర్చుకోవాలి.

పని ఈ వరుసలో సాగుతుంది.

మొదట చేర్చుకునే డిస్ట్రిక్ట్ బోర్డు పాలసీ చదవండి. వెబ్‌సైట్‌లోని ప్రశ్నలూ జవాబుల పేజీ చాలదు. మూడు విషయాలు వెతకండి: ఏ గ్రేడ్లకు తెరిచారు, ట్యూషన్ (ఇక్కడ ఈ మాటకు స్కూలు ఫీజు అని అర్థం) ఉందా, ఏటా మళ్లీ అప్లై చేయాలా.

దరఖాస్తు గడువు వచ్చే విద్యా సంవత్సరానికి ఈ ఏడాది చలికాలంలోనే వస్తుంది. మిన్నెసోటాలో జనవరి 15. మిగతా చోట్ల జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. ఆగస్టులో లేచి అడిగేవాళ్లకు మిగిలేది వెయిటింగ్ లిస్టే.

దరఖాస్తుతో పాటు గత ఏడాది రిపోర్ట్ కార్డు, హాజరు పట్టిక, క్రమశిక్షణ రికార్డు అడుగుతారు. ఇండియా ప్రయాణం కోసం డిసెంబరులో మూడు వారాలు ఎగ్గొట్టించిన పిల్లల దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి. ప్రయాణం తప్పదనుకుంటే ముందుగా ప్రిన్సిపాల్‌కు రాసి, ఏ రోజులు ఎక్స్‌క్యూజ్డ్ (అనుమతి ఉన్న సెలవు) అవుతాయో రాతపూర్వకంగా తీసుకోండి.

కారణం అనే గడిలో "మా డిస్ట్రిక్ట్ స్కూలు బాగోలేదు" అని రాయకండి. మీ డిస్ట్రిక్టే విడుదల చేయాల్సిన రాష్ట్రంలో ఆ కాగితం ముందు చదివేది వాళ్లే. పనికొచ్చే కారణాలు కచ్చితంగా ఉంటాయి: తోబుట్టువు అక్కడే చదువుతున్నాడు, ఫలానా కోర్సు మా హైస్కూల్లో లేదు, బడి విడిచాక చూసుకునే అమ్మమ్మ ఆ స్కూలు దగ్గర ఉంటుంది. టెక్సస్‌లో ఈ చివరిదానికి చట్టంలోనే చోటు ఉంది: ఆ డిస్ట్రిక్ట్‌లో నివసించే తాతయ్యో అమ్మమ్మో బడి తర్వాత ఎక్కువ సమయం పిల్లవాణ్ణి చూసుకుంటుంటే తల్లిదండ్రులు బయట ఉన్నా చేర్చుకోవచ్చు, ఎంత సమయమన్నది బోర్డు నిర్ణయిస్తుంది. విజిటర్ వీసా మీద ఆర్నెల్లు వచ్చిన అమ్మమ్మతో, అదీ మీ ఇంట్లోనే ఉంటుంటే, ఇది కుదరదు.

కాలిఫోర్నియాలో ఉద్యోగం ఆధారంగా ఇంకో మార్గం ఉంది. వారంలో కనీసం 10 గంటలు తల్లి లేదా తండ్రి ఆ డిస్ట్రిక్ట్ హద్దుల్లో భౌతికంగా పనిచేస్తుంటే పిల్లవాణ్ణి అక్కడి నివాసిగా పరిగణించే అవకాశాన్ని చట్టం డిస్ట్రిక్ట్‌కు ఇచ్చింది. హెచ్‌ఆర్ ఉత్తరంలో ఆఫీసు అడ్రసు, వారానికి అక్కడ పనిచేసే గంటలు ఉండాలి. కంపెనీ అక్కడ ఉండి మీరు ఇంటి నుంచి పనిచేస్తుంటే లెక్కలోకి రాదు. డిస్ట్రిక్ట్‌లు దీన్ని తప్పనిసరిగా ఇవ్వాలని లేదు కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి.

సీటు వచ్చాక ఏం కోల్పోతారో కూడా చూసుకోండి. బస్సు రాదు, రోజూ దింపడం తేవడం మీ పని. ట్రాన్స్‌ఫర్ అనేది షరతులతో ఇచ్చిన అనుమతి; ఆలస్యాలు, గైర్హాజర్లు పెరిగితే రద్దుచేసే నిబంధన చాలా పాలసీల్లో ఉంది. హైస్కూల్లో ఆటలాడే పిల్లలకైతే ఇది పెద్ద విషయం: టెక్సస్‌లో స్కూళ్ల మధ్య పోటీలు నడిపే యూఐఎల్ నిబంధనల ప్రకారం తల్లిదండ్రులు ఆ స్కూలు పరిధిలో నివసించకుండా ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన విద్యార్థి సాధారణంగా ఏడాది పాటు వర్సిటీ జట్టులో (స్కూలు ప్రధాన జట్టులో) ఆడలేడు. టెన్నిస్ కోసమే స్కూలు మారుస్తుంటే ముందు అథ్లెటిక్ ఆఫీసుతో మాట్లాడండి.

ఈ తిప్పలేవీ వద్దనుకుంటే చార్టర్ స్కూళ్లు, అంటే ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే ఉచిత బడులు, ఉన్నాయి. ఒక్కో చార్టర్ పలు డిస్ట్రిక్ట్‌ల పిల్లల్ని తీసుకుంటుంది, సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ వేస్తారు.

6. పిల్లవాడు ఒక్కడే బంధువుల ఇంట్లో ఉండాలంటే

డిస్ట్రిక్ట్ మొదట అడిగేది: మంచి స్కూలు కోసమేనా? అవునంటే చాలా రాష్ట్రాల్లో కథ అక్కడితో ముగుస్తుంది. మార్టినెజ్ వర్సెస్ బైనమ్ తీర్పు వచ్చింది సరిగ్గా ఇలాంటి పరిస్థితిలోనే, అక్క ఇంట్లో ఉండి చదువుకుందామని వచ్చిన పిల్లవాడి విషయంలో. న్యూజెర్సీలో బంధువు తన సొంత ఖర్చుతో పోషిస్తున్నాడని, తల్లిదండ్రులకు కుటుంబపరమైన లేదా ఆర్థికమైన ఇబ్బంది ఉందని ఇద్దరూ ప్రమాణ పత్రాలివ్వాలి. పెన్సిల్వేనియాలో జీతభత్యాలు తీసుకోకుండా ఏడాది పొడుగునా పిల్లవాణ్ణి సాకుతున్నానని బంధువు ప్రమాణం చేయాలి. అబద్ధమని తేలితే 300 డాలర్ల దాకా జరిమానా, 240 గంటల దాకా సమాజ సేవ, పైగా ట్యూషన్. కాలిఫోర్నియాలో కేర్‌గివర్ అఫిడవిట్ (పిల్లవాణ్ణి చూసుకుంటున్న పెద్దవాళ్లు ఇచ్చేది) ఉంది, పిల్లవాడు నిజంగా ఆ ఇంట్లోనే ఉంటే అది చాలు.

హైదరాబాద్ నుంచి మేనల్లుణ్ణి తెప్పించుకుని ఇక్కడి పబ్లిక్ స్కూల్లో చదివిద్దామనుకునేవాళ్లు వీసా చట్టం ముందు చూడాలి. ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద వచ్చే పిల్లలు పబ్లిక్ స్కూల్లో ఎనిమిదో గ్రేడ్ దాకా చదవడానికి వీల్లేదు. హైస్కూల్లో మొత్తం 12 నెలలకు మించకూడదు, ఆ కాలానికి తలసరి ఖర్చంతా ముందుగా కట్టాలి. 1996 చట్టం ఇది. హెచ్4, ఎల్2, ఎఫ్2 డిపెండెంట్ పిల్లలకు ఈ ఆంక్ష లేదు, వాళ్లు మామూలుగా ఉచితంగా చదువుకోవచ్చు. కానీ హెచ్4 అనేది తల్లి లేదా తండ్రి హెచ్1బీకి తోక. తండ్రి శాశ్వతంగా ఇండియా వెళ్లిపోయి, పిల్లవాణ్ణి బాబాయి దగ్గర వదిలితే స్కూలు చేర్చుకున్నా స్టేటస్ నిలవదు.

7. మధ్యలో ఇల్లు మారితే

జనవరిలో పక్క డిస్ట్రిక్ట్‌కు మారారు, మే దాకా పాత స్కూల్లోనే ఉంచాలి. ఎక్కువ డిస్ట్రిక్ట్‌లు దీనికి ఒప్పుకుంటాయి, ముఖ్యంగా పన్నెండో గ్రేడ్ పిల్లలకు. షరతు ఒకటే: మారే ముందో, మారిన వెంటనేనో కొత్త అడ్రసు ఇచ్చి ఆ ఏడాది పూర్తిచేయడానికి అనుమతి అడగాలి. పాత అడ్రసుకు పంపిన ఉత్తరం తిరిగొచ్చాక అడిగితే అదే అభ్యర్థన సంజాయిషీ అయిపోతుంది.

8. అనుమానం వచ్చిందంటే ఏం చేస్తారు

తిరిగొచ్చిన ఉత్తరం, ఒకే అపార్ట్‌మెంట్ అడ్రసుతో నాలుగు కుటుంబాలు, రోజూ ఆలస్యంగా వచ్చే పిల్లవాడు, "మా ఇంటి నుంచి నలభై నిమిషాలు" అని టీచరుకు వాడే చెప్పడం. ఎక్కువగా వీటితోనే మొదలవుతుంది. తర్వాత పొద్దున్నే ఇంటికి మనిషి రావడం, కొన్ని డిస్ట్రిక్ట్‌లు ప్రైవేటు పరిశోధకుణ్ణి పెట్టడం. కాలిఫోర్నియాలో పరిశోధకుడు తాను ఎవరో నిజం చెప్పాలి, పిల్లల్ని రహస్యంగా ఫొటోలు వీడియోలు తీయకూడదు.

పట్టుబడితే ముందుగా వచ్చేది బిల్లు. టెక్సస్‌లో తప్పుడు సమాచారంతో చేర్పించినవాళ్లు గరిష్ఠ ట్యూషన్, లేదా ఒక్కో విద్యార్థికి డిస్ట్రిక్ట్ బడ్జెట్‌లో పెట్టిన నిర్వహణ ఖర్చు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. కాగితాలు తప్పుగా సృష్టించడం విడిగా నేరం. ఎన్‌రోల్‌మెంట్ ఫారం మీదే ఆ హెచ్చరిక అచ్చై ఉంటుంది. న్యూజెర్సీలో ఏడాది తలసరి ఖర్చులో 180వ వంతు చొప్పున, అర్హత లేకుండా చదివిన ప్రతి రోజుకూ వసూలు చేస్తారు. ఒహాయోలోని ఏక్రన్‌లో తన తండ్రి అడ్రసుతో కూతుళ్లను పక్క డిస్ట్రిక్ట్‌లో చదివించిన ఒక తల్లి 2011లో 9 రోజులు జైల్లో ఉండాల్సి వచ్చింది; తర్వాత గవర్నరు శిక్ష తీవ్రత తగ్గించారు. వీసా మీద ఉన్నవాళ్లకు క్రిమినల్ కేసు అంటే జరిమానాతో పోయే విషయం కాదు, వీసా స్టాంపింగ్‌కు వెళ్లినప్పుడు మళ్లీ ఎదురవుతుంది. మిత్రుడి యుటిలిటీ బిల్లులో పేరు మార్చి ఇచ్చే సలహాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఆ మిత్రుడూ కేసులో ఉంటాడు.

మీరు నిజంగా అక్కడే ఉంటున్నా నోటీసు రావచ్చు. అప్పుడు ఫోన్లో వాదించకండి. నోటీసు అందిన తేదీ రాసుకుని, హియరింగ్ (విచారణ) కోరడానికి ఎన్ని రోజులిచ్చారో చూడండి. కొన్ని రాష్ట్రాల్లో అది పది రోజులే. ఆధారాలు నెలల వారీగా పేర్చండి: అద్దె చెల్లింపులు, కరెంటు వాడకం చూపే బిల్లులు, జీతం స్లిప్పులు, పిల్లల డాక్టరు బిల్లులు, ఇంటికి వచ్చిన ప్యాకేజీల ఆర్డర్లు. కరెంటు వాడకం మంచి సాక్ష్యం. ఖాళీ అపార్ట్‌మెంటుకూ నలుగురు వండుకు తినే ఇంటికీ యూనిట్లలో తేడా కనిపిస్తుంది. భార్యాభర్తలు రెండు ఊళ్లలో ఉద్యోగాలు చేస్తూ ఇద్దరి పేర రెండు లీజులుంటే, పిల్లవాడు వారంలో ఏ రాత్రులు ఎక్కడ ఉంటాడో ఒక పట్టిక రాసి ఇవ్వండి.

బోర్డు కాదన్నా అప్పీలు ఉంది. న్యూజెర్సీలో 21 రోజుల్లో రాష్ట్ర విద్యా కమిషనర్‌కు వెళ్లొచ్చు, అప్పీలు నడిచినన్నాళ్లు పిల్లవాడు అదే స్కూల్లో కొనసాగొచ్చు, ఓడిపోతే ఆ రోజులకూ ట్యూషన్ పడుతుంది. కాలిఫోర్నియాలో ఇంటర్ డిస్ట్రిక్ట్ అనుమతి నిరాకరిస్తే 30 రోజుల్లో కౌంటీ విద్యా బోర్డుకు వెళ్లాలి. కొనసాగే వీలు లేని రాష్ట్రాల్లో అప్పీలు తేలేదాకా పిల్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకండి. ట్రాన్స్‌ఫర్ నిరాకరణ మీద అప్పీలైతే, మీరు నివసిస్తున్న డిస్ట్రిక్ట్ మీ పిల్లవాణ్ణి చేర్చుకు తీరాలి. బడి లేకుండా గడిచిన రోజులు గైర్హాజరు కింద పడతాయి, వచ్చే జనవరిలో ట్రాన్స్‌ఫర్ ఫారం పెట్టినప్పుడు ఆ హాజరు పట్టికే మళ్లీ అడుగుతారు.